రాకాసి దిబ్బ పక్కన జాగా

పెళ్ళయిన కొత్తల్లో ఒక పొద్దున మా అత్త నన్ను చేనికి పిలుచుకుపోయి, తను చనిపోతే ఎక్కడ పెట్టాలో చూపించింది. అప్పటికి ఆమె నిక్షేపంగా ఉంది. దారిలో నాకంటే వేగంగా నడిచింది కూడా. కొత్త కోడలికి దొడ్డి, ధాన్యం గది, బీరువా తాళాలు చూపించినట్టే ఇదీ చూపించాల్సిన వాటిలో ఒకటి అనుకున్నట్టుంది.

"మీ మామ ఈడ ఉండాడు. నేను ఈ పక్కన. తలకాయ దక్షిణానికి," అని చెప్పి, కాలితో నేల మీద ఒక గీత గీసి, ఇక పోదాం పదమన్నట్టు వెనక్కి తిరిగింది. నేను "సరే అత్తా" అన్నాను. దారిలో ఆమె వంకాయ నారు గురించి మాట్లాడింది.

మాది బద్వేలు దగ్గర. మా వైపు ఊరికంతా ఒకటే శ్మశానం, ఎవరైనా అక్కడికే. ఈ పడమటి కర్నూలు ఊళ్ళలో భూమి ఉన్నవాళ్ళు తమవాళ్ళను తమ చేలోనే పూడ్చుకుంటారని నాకు అంతవరకు తెలియదు. పత్తి నడుమ ఒక తాత, కంది సాళ్ళ చివర ఒక అవ్వ, ఇట్లా ఉంటారు. దున్నేవాళ్ళు ఆ చోటికి రాగానే ట్రాక్టరు పక్కకు తిప్పుకుంటారు. కొన్నాళ్ళకు నాకూ అలవాటైంది.

అలవాటు కానిది ఆ దిబ్బ. మా మామ సమాధికి కొంచెం అవతల, చేని నడుమ, మనిషి ఎత్తును మించిన దిబ్బ ఒకటుంది. మట్టీ రాళ్ళూ కలిసిన కుప్ప. దాని చుట్టూ పెద్ద గుండ్లు సగం నేలలో దిగి గుండ్రంగా నిలబడి ఉంటాయి. పైన ఒక బండ ఒరిగి ఉంటుంది. దాని కింద నిలువుగా పాతిన మరో బండకు గుండ్రటి కంత, ఎవరో కూర్చుని ఓపికగా తొలిచినట్టుగా. ఊళ్ళో దాన్ని రాకాసి దిబ్బ అంటారు. అది రాకాసి కట్టుకున్న ఇల్లనీ, ఆ రాళ్ళు రాకాసి తప్ప ఇంకెవరూ ఎత్తలేరనీ చెబుతారు. పూర్వం బెత్తెడు మనుషులు ఉండేవాళ్ళనీ, ఆ కంతలోంచి లోపలికీ బయటికీ తిరిగేవాళ్ళనీ కూడా వాళ్ళే చెబుతారు. రెండూ ఎట్లా కుదురుతాయని ఎవరూ అడగరు. మా అత్త ఆ బండ మీద మిరపకాయలు ఎండబెట్టేది. ఊరంతటికీ బాగా ఎండ తగిలే చోటు అదేనట.

ఆ చేనంటే ఆమెకు మమకారం. పెళ్ళై వచ్చేనాటికి అదంతా గుండ్లూ తుమ్మచెట్లేనట. మామతో కలిసి ఏళ్ళ తరబడి రాళ్ళు ఏరి గట్టు వేశారు. మామ గురించి అడిగితే, "మంచాయప్పే. నోట్లో మాటే లేదు," అనేది. అంతకు మించి చెప్పేది కాదు. ఆయన పోయి అప్పటికే కొన్నేళ్ళు. ఆయన పక్కనే ఉండాలన్న పట్టుదల ఆయన మీద ప్రేమో, చేని మీద ప్రేమో నాకు తేలలేదు. ఒకసారి అడిగాను. "నా చేను ఉండగా ఇంకో తావుకు ఎందుకు పోవాల?" అంది.

నేను పక్క ఊరి బళ్ళో టీచరుగా పనిచేస్తున్నాను. మా ఆయనకు ఎరువుల అంగడి. చేను చూసుకునేది మా అత్తే. ఇట్లా ఉండగా ఒక అమావాస్య మరుసటి రోజు పొద్దున, కూలివాళ్ళు వచ్చి, రాత్రి ఎవరో దిబ్బ తవ్వేశారని చెప్పారు. పోయి చూస్తే కంత ఉన్న బండ పక్కన మోకాలి లోతు గుంత, కోసిన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. నిధి ఉందని ఎవరో చెప్పినట్టున్నారు, వీళ్ళెవరో నమ్మినట్టున్నారు. వాళ్ళకు ఏమీ దొరికినట్టు లేదు. పోతూ పోతూ కొత్త గడ్డపార ఒకటి వదిలిపోయారు. మా అత్త దాన్ని ఇంటికి తెచ్చుకుంది. పోలీసులు వచ్చి అడిగితే చూపించింది. వాళ్ళు దాన్ని చూసి, ఫోటో తీసుకుని, మళ్ళీ ఆమెకే ఇచ్చారు.

పేపర్లో చిన్న వార్త వచ్చింది. దాని తర్వాత కార్లలో మనుషులు వచ్చి దిబ్బ చుట్టూ తిరిగారు. ఆ తర్వాత చాలా రోజులకు కంచె వచ్చింది. కంచెతో పాటు నీలం బోర్డు వచ్చింది. అది రక్షిత స్మారక చిహ్నమనీ, దాన్ని పాడుచేసినా, తవ్వినా, చుట్టుపక్కల ఏదైనా కట్టినా శిక్ష తప్పదనీ రాసి ఉంది. నేను మా అత్తకు చదివి వినిపించాను.

"ఏ రాజుది?" అంది.

రాజులు పుట్టకముందుదని చెప్పాను. వేల ఏళ్ళ కిందట ఇక్కడ బతికినవాళ్ళు చనిపోతే, రాళ్ళతో పెట్టెలాగా కట్టి, అందులో పెట్టి, పైన దిబ్బ వేసేవాళ్ళనీ, పక్కన కుండలూ కత్తులూ పెట్టేవాళ్ళనీ చెప్పాను. ఆమె కంచె వైపు కాసేపు చూసింది. "అంటే వీళ్ళూ చేన్లోనే పెట్టుకున్యారు," అంది. ఆమెకు ఇందులో కొత్తేమీ కనిపించలేదు.

కంచె వేయించే మేస్త్రి చెప్పిన మాట మాత్రం ఆమెను పట్టుకుంది. దిబ్బ నుంచి నాలుగు దిక్కులా వంద మీటర్ల దాకా దుక్కి దున్నుకోవచ్చు, పైరు పెట్టుకోవచ్చు, కానీ తవ్వకూడదు, కట్టకూడదు, బోరు వేయకూడదు అన్నాడతను. బోరు అన్న మాట వినగానే ఆమె ముఖం వెలిగింది. ఎందుకంటే దక్షిణపు గట్టుకు అవతల చేను మా చిన్నమామది, అంటే మామ తమ్ముడిది. ఆయన గట్టు పక్కనే బోరు వేసి, దాంట్లో నీళ్ళు పడ్డాక మా బోరు ఎండిపోయింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటలు లేవు. ఇక ఆయన ఇంకో బోరు వేయలేడన్నమాట. ఆ సంతోషం కాసేపే ఉంది. తర్వాత తన గుంత గుర్తొచ్చింది. మేస్త్రిని అడిగింది. అతను కంగారుపడి, ఆ సంగతి తనకు తెలియదనీ, కర్నూలు పోయి పురావస్తు శాఖ ఆఫీసులో అడగమనీ చెప్పాడు.

సెలవు పెట్టి ఆమెను నేనే తీసుకుపోయాను. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, ఎవరెవరి చేలో పత్తి ఎట్లా ఉందో చూసుకుంటూ వచ్చింది. ఆఫీసులో సారు మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. ఏ దిబ్బ, ఏ ఊరు అని అడిగి, ఆ చేను మాదేనని తెలిశాక ఏం కట్టాలనుకుంటున్నామని అడిగాడు.

"కట్టేదేం లేదు సార్. ఒక గుంత తవ్వాల," అంది మా అత్త.

"బోరుకా అమ్మా?"

"కాదు. మనిషిని పెట్టేకి."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఎవరు పోయారమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఇంకా ఎవురూ పోలేదు. నాకే."

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. ఆయన టీ తెప్పించాడు. ఆ తర్వాత ఓపికగా వివరించాడు. ఆ దిబ్బ కింద ఉన్నది చాలా పురాతనమైన సమాధి అన్నాడు. చుట్టూ నేలలో ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదనీ, గుంత తవ్వితే అవి చెదిరిపోతాయనీ చెప్పాడు. అందుకే అక్కడ ఎవరినీ పూడ్చడానికి లేదు.

"పూడ్చిన తావు కాబట్టి పూడ్చేకి లేదంటావు," అంది మా అత్త.

"అవునమ్మా," అన్నాడు. అన్న తర్వాత ఆ మాట ఆయనకూ ఒకసారి చెవిన పడినట్టుంది.

"మా ఇంటాయన ఆడనే ఉండాడు కద."

"బోర్డు రాకముందు పోయారా?"

"శానా ముందు."

"అయితే ఆయన జోలికి ఎవరూ రారమ్మా. ఉన్నది ఉన్నట్టే ఉంటుంది."

"ముందే పోయి మంచి పని చేసినాడు," అంది ఆమె. వెటకారం కాదు, నిజంగానే అంది.

సారు మమ్మల్ని ఊరికే పంపేయలేదు. తానే ఒకరోజు వచ్చి కొలిపించి హద్దు చూపిస్తానన్నాడు. బస్సులో తిరిగి వస్తుంటే, ఆమెకు బాధగా ఉందేమోనని నేను మాట్లాడకుండా కూర్చున్నాను. చాలా దూరం వచ్చాక, "మంచాయప్ప. లేదనే మాట గూడ కూచోబెట్టి చెప్పినాడు," అంది. ఆ రాత్రి అన్నం వద్దంది. ఆమె అన్నం వద్దనడం నేను చూడడం అదే మొదటిసారి.

అన్నట్టే సారు వచ్చాడు. ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని దిబ్బ నుంచి కొలుస్తూ పోయి సున్నంతో గీత వేశారు. మా చేను వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ఆ గీత దాదాపు చేనంతా మింగేసింది. పడమటి కొసన, వాగు ఒడ్డున మాత్రం కొంచెం మిగిలింది. అక్కడ పెట్టుకోవచ్చు కదా అన్నాడు మా ఆయన. వాగు వచ్చిన ఏడు అక్కడ గట్టు కూడా నిలవదు. "నన్ను నీళ్ళలో పెడతావా?" అంది మా అత్త కొడుకుతో.

దక్షిణం వైపు సున్నం గీత గట్టు దాటి చిన్నమామ చేలోకి పోయింది. కానీ కొద్ది దూరం పోయి ఆగిపోయింది. అక్కడి నుంచి అవతలంతా మెరక నేల, వాన పడ్డా నిలవని నేల. మా మామ సమాధి దగ్గర నిలబడితే అది ఎదురుగానే కనిపిస్తుంది. మా అత్త అక్కడే నిలబడి ఆ నేలను చాలాసేపు చూసింది.

చిన్నమామ ఎదురింట్లోనే ఒంటరిగా ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే తీరిక లేదనేవాడు. పొడుగాటి మనిషి, వంట బాగా చేసేవాడు. బోరు తగాదా తర్వాత ఆయనా మా అత్తా ఒకరితో ఒకరు మాట్లాడలేదు కానీ, ఒకరికొకరు వినిపించేటట్టు కోళ్ళతో మాట్లాడేవాళ్ళు. ఆమె గింజలు చల్లుతూ, "ఈ పొద్దు కరెంటు తొందరగా పోతాదంట," అని కోడితో చెప్పేది. ఆయన తన అరుగు మీద నుంచి తన కోడిని, "పందికొక్కులు గట్టుకు బొక్కలు పెడతాండాయి, ఎవురైనా చూసుకుంటే మంచిది," అని హెచ్చరించేవాడు. కబుర్లన్నీ చేరేవి. ఎవరూ ఎవరికీ లొంగినట్టు కాదు. నేను కాపురానికి వచ్చిన తొలి నెలల్లో ఈ ఇంట్లో కోళ్ళంటే ఎంత ప్రేమో అనుకున్నాను.

ఒక ఆదివారం ఆమె తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, "నువ్వు నా యెంబడి రా. మాట్లాడాల్సిన పని లేదు, నిలబడితే చాలు," అంది. వీధి దాటి ఎదురింటికి పోయాం. చిన్నమామ అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. మమ్మల్ని చూసి చాటను పక్కకు జరిపాడు.

"రా వదినా, కూచో," అన్నాడు. నిన్నటి దాకా మాట్లాడుతూనే ఉన్నట్టు.

ఆమె కూర్చోలేదు. "ఏమప్పా, నీ చేన్లో నాకొక గుంతకు జాగా కావాల," అంది.

"బోరుకా?"

"నాకు."

ఆయనకు అర్థమయ్యేసరికి మూడు నాలుగు కాయలు ఒలిచాడు. సున్నం గీత సంగతి ఊరంతటికీ తెలుసు. "ఆ మెరకలోనా?" అన్నాడు.

"ఊ."

"ఆడ నీళ్ళు పడవు వదినా."

"నీళ్ళు పడని జాగానే కావాల నాకు."

ఆయన తల ఎత్తి ఆమెను సరిగ్గా చూశాడు. నేను నిలబడే ఉన్నాను. "ఇన్నేండ్లు నాతో మాట్లాడని దానివి, నా చేన్లోకి వచ్చి ఏం చేస్తావు?" అన్నాడు.

"ఆడికొచ్చినాక మాట్లాడేదేముంటాది? పండుకునేదే కదా."

ఆయన నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. ఒలిచిన గింజలు గుప్పెడు తీసి ఆమె చేతిలో పెట్టి, పత్తి విత్తకముందే జాగా చూపిస్తానన్నాడు. ఆమె ఆ గింజలు తింటూ ఇంటికి వచ్చింది. ఆ పూట వంకాయ కూర వండి నా చేత ఎదురింటికి పంపించింది. గిన్నె కడిగి, అందులో నిమ్మకాయ ఊరగాయ వేసి తిరిగి పంపాడాయన.

జాగా చూపించే రోజు కూడా నేనున్నాను. చిన్నమామ నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాడు. మా అత్త చూసి, పొడుగు చాలదంది. చాలుతుందన్నాడాయన. చాలదంది. ఆయన తువ్వాలు నేల మీద పరిచి, ఆ నాలుగు రాళ్ళ నడుమ వెల్లకిలా పడుకున్నాడు.

"నేను పట్టినాను కదా. నా భుజానికి రావు నువ్వు. నువ్వు పట్టవా?"

"మోకాళ్ళు ముడుచుకున్యావు."

ఆయన కాళ్ళు చాపాడు. పాదాలు రాళ్ళు దాటాయి. లేచి, దుమ్ము దులుపుకుని, రెండు రాళ్ళు ఇంకొంచెం అవతలికి జరిపాడు. అప్పుడామె ఒప్పుకుంది.

ఆ ఏడు ఆయన చేనంతా పత్తి వేసి, ఆ కొంచెం మాత్రం బీడుగా వదిలాడు. ఆ బీడులో గడ్డి మొలిస్తే పీకడానికి మా అత్త పోయేది. పీకిన గడ్డి తన పత్తిలో పడేస్తోందని ఆయన గొణిగేవాడు. పురుగుమందు తన జాగా మీద పడుతోందని ఆమె అనేది. ఈ మాటలన్నీ ఇప్పుడు నేరుగానే. సాయంత్రాలు ఇద్దరూ గట్టు మీద కూర్చుని కందులు ధర పలకడం లేదనీ, మా మామకు చిన్నప్పుడు కొర్రన్నం ఎంత ఇష్టమో అనీ మాట్లాడుకోవడం నేను విన్నాను. మా మామ గురించి ఆమె అంత మాట్లాడడం నేను అదివరకు వినలేదు. మాటలు లేని మనిషి గురించి చెప్పుకోవడానికి వాళ్ళిద్దరికీ చాలా ఉన్నట్టుంది.

ఆ మరుసటి ఎండాకాలంలో సారువాళ్ళు వచ్చి, దిబ్బ పక్కనున్న చిన్న రాళ్ళ వరుస ఒకదాన్ని తవ్వారు. ముందే ఎవరో చెదరగొట్టింది కాబట్టి, మిగిలింది పాడైపోకముందే తీసి భద్రపరచాలన్నారు. బ్రష్షులతో, చిన్న తాపీలతో చాలా రోజులు పనిచేశారు. మా అత్తా చిన్నమామా ఒకే గొడుగు కింద కంచె బయట కూర్చుని చూసేవాళ్ళు. నలుపూ ఎరుపూ కలిసిన కుండలు వచ్చాయి. తుప్పు పట్టి కరుచుకుపోయిన ఇనుము వచ్చింది. చివరికి ఎముకలు వచ్చాయి. ఇద్దరివి ఉండొచ్చన్నాడు సారు. ఒకరి తర్వాత ఒకరిని, చాలా కాలం తేడాతో, అదే పెట్టెలో పెట్టినట్టుందట. వాళ్ళు ఒకరికొకరు ఏమవుతారని మా అత్త అడిగింది. అది తెలియదన్నాడాయన.

"మీరు మాత్రం తవ్వచ్చా?" అంది.

"మేం తవ్వొచ్చమ్మా. అనుమతి ఉంది."

ఎముకలను దూదిలో చుట్టి పెట్టెల్లో పెట్టి జీపులో ఎక్కించారు. జీపు పోయేదాకా ఆమె నిలబడే ఉంది. "నన్ను గూడ ఇట్లనే తీసకపోతారా సార్?" అని అడిగింది.

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "చాలా ఏళ్ళు పడుతుందమ్మా," అన్నాడు.

ఆమెకు ఆ జవాబు సరిపోయింది. ఇంటికి వచ్చి, తన గుంత మామూలు కంటే ఇంకొంచెం లోతుగా తవ్వాలని మా ఆయనకు చెప్పింది.

చిన్నమామ పత్తి తీసే రోజుల్లో పోయాడు. పొద్దున గుండెలో మంటగా ఉందన్నాడు. మా ఆయన కర్నూలుకు కారులో తీసుకుపోయాడు. ఆసుపత్రి మెట్ల దగ్గర కూడా ఆయన బోరు స్టార్టరు గురించే చెబుతున్నాడట. మధ్యాహ్నానికి అయిపోయింది. అంబులెన్సు వచ్చేసరికి మా అత్త ఆయన అరుగు ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంచింది. ఏడవలేదు. తల దగ్గర కూర్చుని, ముఖం మీద వాలే ఈగలను చీర కొంగుతో తోలుతూ ఉండింది.

బంధువులు చేరారు. ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. పెద్దవాళ్ళు ఆయన చేలోనే అన్నారు. చేనంతా పత్తి విచ్చుకుని తెల్లగా ఉంది. తవ్వడానికి వీలుగా ఖాళీ ఉన్న చోటు ఒక్కటే. అది ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనలేదు. పత్తి చెట్లు కొన్ని పీకేద్దామని ఎవరో అన్నారు. ఇంకెవరో వాగు ఒడ్డు సంగతి ఎత్తారు. మా ఆయన తల్లి ముఖం చూస్తూ నిలబడ్డాడు.

"ఆ నాలుగు రాళ్ళ నడుమనే పెట్టండి," అంది ఆమె. "ఆయప్ప పండుకొని చూసుకున్న కొలతే. సరిపోతాది."

సరిపోయింది. అందరూ మట్టి వేశాక ఆమె కూడా వేసింది. ఎండలో నిలబడినవాళ్ళంతా పోయాక కూడా, గుంత పూడ్చేవాళ్ళకు మట్టి ఎక్కడ గట్టిగా తొక్కాలో చెబుతూ ఉండిపోయింది.

మరుసటి రోజు పొద్దున నేను బడికి పోవడానికి బయటికి వస్తుంటే, ఆమె వాకిట్లో గింజలు చల్లుతోంది. ఎదురింటి కోళ్ళు కూడా మా వాకిట్లోకే వచ్చాయి. "ఆయప్ప చేన్లో మోటరు వేసే దిక్కు లేకపాయె. పైరు ఎండిపోతాది," అంది కోడితో. ఎదురరుగు మీద నుంచి ఎవరూ ఏమీ అనలేదు. నేను చెప్పులు విడిచి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఆ రోజు బడికి ఆలస్యమైంది. హెడ్మాస్టరు అడిగితే బస్సు దొరకలేదని చెప్పాను.

చాలా రోజులు ఆమె సరిగ్గా తినలేదు. ఊరగాయ జాడీ ఒకటి ఆయనది మా ఇంట్లో ఉండిపోయింది. దాన్ని వాడనివ్వలేదు, పారేయనివ్వలేదు. తర్వాత ఒక పొద్దున మా ఆయనను పిలిచి, చిన్నమామ పక్కన ఇంకో నాలుగు రాళ్ళు పెట్టమంది. చేను ఇప్పుడు మా ఆయనకే వచ్చింది కాబట్టి ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఈసారి పొడుగు గురించి ఏమీ అనలేదు.

ఈ సంగతి తెలిసి బంధువుల్లో ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చింది. మొగుడి పక్కన పడుకోవాల్సిన మనిషి మరిది పక్కన పడుకుంటే ఊళ్ళో ఏమనుకుంటారని మెల్లగా అడిగింది. మా అత్త ఆమెకు కాఫీ ఇచ్చింది. "గట్టుకు ఆ పక్క మొగుడు, ఈ పక్క మరిది. నడుమ సర్కారు గీత. నన్నేం చేయమంటావమ్మా?" అంది. ఆవిడ కాఫీ తాగి, పందికొక్కుల మందు ఉంటే కొంచెం ఇప్పించమని అడిగి తీసుకుపోయింది.

మా అత్త ఆ తర్వాత కొన్నేళ్ళు బాగానే ఉంది. చేనికి పోవడం మానలేదు. పోయినప్పుడల్లా మామ సమాధి దగ్గర ఒకసారి, గట్టు దాటి చిన్నమామ దగ్గర ఒకసారి నిలబడేది. ఎక్కడా పూలూ టెంకాయలూ లేవు. ఉత్తగా నిలబడేది. ఒకసారి ఆమె మామతో, "నీ తమ్ముని బోరు బాగు చేయించినాం, ఇప్పుడు నీళ్ళు వస్తాండాయి," అని చెబుతుంటే విన్నాను. నేను రావడం చూసి ఆపేసింది.

పోయిన ఎండాకాలంలో, మధ్యాహ్నం భోజనం చేసి చాప మీద నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. నాలుగింటికి కాఫీ ఇద్దామని లేపబోతే అప్పటికే చల్లబడింది. నేను కాఫీ గ్లాసు పట్టుకునే కొంతసేపు కూర్చున్నాను. ఎవరినీ పిలవాలనిపించలేదు. పిలిస్తే ఇంటి నిండా జనం వస్తారు. ఆమెతో ఒంటరిగా ఉండేది ఇక ఆ కాసేపే.

చెప్పినట్టే లోతుగా తవ్వించాం. తలకాయ దక్షిణానికి. సమాధి కడదామని మా ఆయన అన్నాడు. సున్నం గీతకు అవతలున్నా ఆ చోటు దిబ్బకు దగ్గరే కాబట్టి, పైన ఏదైనా కట్టాలంటే అనుమతి అడగాలని తెలిసింది. కర్నూలు సారు బదిలీ అయిపోయాడు. ఫోన్ చేస్తే గుర్తుపట్టాడు. ఆమె పోయిందని చెబితే, ఎక్కడ పెట్టారని అడిగాడు. అడగండి, ఇస్తారు, కానీ సమయం పడుతుంది అన్నాడు. మేము అడగలేదు. ట్రాక్టరు ఎక్కకుండా ఆమెదీ చిన్నమామదీ రెండింటి చుట్టూ గుండ్లు ఏరి పెట్టించాం. చేలో ఉన్నవి గుండ్లే కాబట్టి.

ఇప్పుడు చేను నేనే చూసుకుంటున్నాను. ఆదివారాల్లో దిబ్బ చూడడానికి అప్పుడప్పుడు కాలేజీ పిల్లలు వస్తారు. బోర్డు పక్కన ఫోటోలు దిగుతారు. కంచె చుట్టూ తిరిగి, గట్టు దాటి కూడా వస్తారు. మొన్న ఒక అమ్మాయి ఆ రెండు రాళ్ళ వరుసల దగ్గర ఆగి, ఫోన్ తీసి, ఇవి ఏ కాలానివి ఆంటీ అని అడిగింది.

"ఇవి మావాళ్ళవి," అన్నాను.

ఆ అమ్మాయి ఫోన్ లోపల పెట్టేసుకుని, సారీ ఆంటీ అంది. ఫరవాలేదన్నాను. చూడాలంటే చూడొచ్చనీ, పత్తి తొక్కకుండా సాలు వెంబడి నడవమనీ చెప్పాను.